పాత హైబ్రిడ్ నాడి

డాష్‌బోర్డు మీద గీతలు నిండుగా ఉన్నాయంటే బ్యాటరీ బాగున్నట్టు కాదు. మైలేజీ పడిపోయిందంటే బ్యాటరీ పోయినట్టూ కాదు.

పాత కారు బేరంలో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ. హైబ్రిడ్ అయితే రెండో ప్రశ్న బ్యాటరీ. అమ్మేవాడి దగ్గర రెండింటికీ జవాబులు సిద్ధంగా ఉంటాయి. తెర మీద సగటు మైలేజీ అంకె చూపిస్తాడు, దాని పక్కనే నిండుగా వెలుగుతున్న బ్యాటరీ గీతలు చూపిస్తాడు. వాటిలో అబద్ధమేమీ ఉండదు. కాకపోతే కొనేవాడికి కావలసిన సంగతి వాటిలో దొరకదు.

ఈ బేరాలు ఇప్పుడు మనవాళ్ల మధ్య రెండు చోట్ల సాగుతున్నాయి. ఒకటి అమెరికా. డాలస్‌కో న్యూజెర్సీకో చదువుకు వెళ్లిన పిల్లలు, క్రెడిట్ హిస్టరీ లేక, ఉన్న డాలర్లలో ఏ కారు వస్తుందా అని వెతికితే పదే పదే కంటపడే బండ్లలో టయోటా ప్రియస్ ఒకటి. రెండోది మన ఊళ్లు. 2013లో బెంగళూరు దగ్గరి బిడదిలో బిగించి అమ్మిన కామ్రీ హైబ్రిడ్లు పదేళ్లు దాటి చేతులు మారుతున్నాయి. 2022 నుంచి రోడ్డెక్కిన హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్‌ల వంతు తర్వాత వస్తుంది. ఈ బండ్ల హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీలు ఇచ్చిన వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అంటే 2030లో మొదటి విడత బండ్లు వారంటీ దాటతాయి. క్యాబులుగా తిరుగుతున్నవి కిలోమీటర్ల లెక్కలో అంతకన్నా ముందే దాటేస్తాయి.

కాబట్టి పాత హైబ్రిడ్‌ను పరీక్షించడం నేర్చుకోవాలి. అందుకు ప్రియస్‌ను మించిన పాఠం లేదు. 1997 డిసెంబరులో జపాన్‌లో, 2000లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఈ కారును విప్పి చూసినంతగా మరే హైబ్రిడ్‌నూ మెకానిక్కులు విప్పి చూడలేదు. దాని బ్యాటరీ ఎలా ముసలిదవుతుందో వాళ్లకు కొట్టిన పిండి.

గీతల వెనక ఏముంది

రెండో తరం ప్రియస్‌లో, అంటే 2004 నుంచి 2009 దాకా వచ్చిన మోడళ్లలో, వెనక సీటు వెనకాల ఒక లోహపు పెట్టె ఉంటుంది. అందులో 28 మాడ్యూళ్లు. ఒక్కో దానిలో 6 సెల్స్, సెల్‌కు 1.2 వోల్టులు. అన్నిటినీ ఒకే వరసలో కలిపితే 201.6 వోల్టులు. రకం నికెల్ మెటల్ హైడ్రైడ్. మూడో తరం మోడళ్లలోనూ అమరిక ఇదే. ఇంత హంగామా చేసి అందులో పట్టే కరెంటు 1.3 యూనిట్లు మాత్రమే. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటసేపు తిరగడానికి సరిపోతుంది. ఆ కొంచాన్నయినా కారు పూర్తిగా వాడదు. చార్జీని దాదాపు 40 శాతం కిందికి దిగనివ్వదు, 80 శాతం పైకి ఎక్కనివ్వదు. ఈ బ్యాటరీలు పదిహేనేళ్ల దాకా లాగడానికి ముఖ్య కారణం ఈ పొదుపే. నిండా నింపడం, అడుగంటా తోడేయడం, రెండూ బ్యాటరీ ఆయుష్షును తినేస్తాయి.

తెర మీది ఎనిమిది గీతలు కూడా ఆ 40కీ 80కీ నడుమ జరిగే కథనే చూపిస్తాయి. ఇప్పుడు చార్జీ ఎంత ఉందో అవి చెబుతాయి. మొత్తం ఎంత పడుతుందో చెప్పవు. కొత్తలో 6.5 ఆంపియర్ అవర్ పట్టిన పెట్టెలో ఇప్పుడు సగమే పడుతున్నా గీతలు ఎనిమిదీ వెలుగుతాయి. చిత్రమేమిటంటే బలహీనమైన బ్యాటరీలో అవి ఇంకా త్వరగా వెలుగుతాయి. చిన్న గిన్నె త్వరగా నిండదూ!

అందువల్ల ఎన్ని గీతలున్నాయన్నది వదిలేసి, అవి ఎంత వేగంగా ఎక్కి దిగుతున్నాయో చూడాలి. కారును ఓ అరగంట నడిపి, బాగా వేడెక్కాక, నీడలో ఆపి, రెడీ స్థితిలోనే ఉంచి ఏసీ వేయండి. ఇంజను ఆగి ఉంటుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. గీతలు ఒక్కొక్కటే నింపాదిగా తగ్గుతూ, కాసేపటికి ఇంజను లేచి చార్జి చేసి మళ్లీ పడుకుంటే మంచి లక్షణం. గీతలు జారిపోతూ, ఇంజను లేచీ లేవగానే ఎగబాకుతూ, నిమిషం తిరక్కుండా మళ్లీ ఇంజను లేస్తుంటే అందులో సామర్థ్యం మిగల్లేదని అర్థం. విశాఖలో ఉన్నవాళ్లకు ఇంకో సులువు ఉంది: సింహాచలం కొండో కైలాసగిరో ఎక్కి దిగడం. దిగుడులో బ్రేకు నొక్కినప్పుడల్లా కరెంటు వెనక్కి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ దాన్ని చాలాసేపు తాగుతుంది. అరిగిపోయినది నాలుగు మలుపుల్లోనే నిండిపోయిందంటుంది. తెర మీద ఒక్కసారిగా నాలుగు గీతల నుంచి ఒకటికి పడిపోయి, కాసేపటికి మళ్లీ పైకి లేస్తే అది కారులోని కంప్యూటరు తన అంచనా తప్పిందని తెలుసుకుని దిద్దుకోవడం. అలా ఒక్కసారి జరిగితే ఏమోలే అనుకోవచ్చు. ఒకే ప్రయాణంలో రెండు మూడు సార్లు జరిగితే బేరం ఆపేయొచ్చు.

ఒక్కటి కుంటితే

బ్యాటరీ పోయిందంటే 168 సెల్స్‌ అన్నీ ఒకేసారి చచ్చిపోయాయని కాదు. సాధారణంగా ముందు పోయేది ఒకటో రెండో మాడ్యూళ్లు. అవన్నీ ఒకే వరసలో ఉంటాయి గనక, ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటితే బండి మొత్తం దాని నడకకే దిగినట్టు, ఆ ఒక్క దాని బలమే మొత్తం పెట్టె బలమవుతుంది. పెట్టె మధ్యలో ఉన్నవాటికి గాలి తక్కువ, వేడి ఎక్కువ. అవే ముందు అలసిపోవడం మామూలు.

కారులోని కంప్యూటరు ఈ 28 మాడ్యూళ్లనూ రెండేసి చొప్పున 14 బ్లాకులుగా లెక్కపెట్టి, ఒక్కో బ్లాకు వోల్టేజీని విడిగా గమనిస్తూనే ఉంటుంది. నిజమైన జాతకం అక్కడుంది. దాన్ని చదవడానికి షోరూముకే వెళ్లనక్కర్లేదు. స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో అగ్గిపెట్టెంత బ్లూటూత్ అడాప్టరు గుచ్చి, ఫోనులో డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ లాంటి యాప్ తెరిస్తే 14 బ్లాకులూ వరసగా కనిపిస్తాయి. చవక అడాప్టర్లలో కొన్ని ఈ సమాచారాన్ని సరిగా లాగలేవు. యాప్ తయారీదారు పనిచేస్తుందని చెప్పినదే కొనడం మేలు.

ఆగి ఉన్న కారులో ఈ అంకెలు చూసి సంతోషించకండి. బరువు మోయనప్పుడు అందరూ బలవంతులే. పక్క సీట్లో ఒకరిని ఫోను పట్టుకుని కూర్చోమని, ఫ్లైఓవరు ఎక్కుతూ యాక్సిలరేటరు గట్టిగా నొక్కాలి. దిగుతూ బ్రేకు నొక్కాలి. అన్నింటికన్నా ఎక్కువున్న బ్లాకుకూ, తక్కువున్న బ్లాకుకూ తేడా 0.3 వోల్టు లోపు ఉంటే హాయిగా ఉండొచ్చు. అర వోల్టు దాటితే వయసు మీద పడింది. వోల్టు దాటి, అదీ ప్రతిసారీ ఒకే బ్లాకు దగ్గర దాటుతుంటే బ్యాటరీ చివరి రోజుల్లో ఉన్నట్టే. ఇవి మెకానిక్కుల అనుభవపు కొలతలే గానీ కంపెనీ రాసిచ్చినవి కావు. ఇంకో ఆనవాలు కూడా ఉంది. చెడిన బ్లాకు కరెంటు ఇచ్చేటప్పుడు అందరికన్నా కిందికి పడిపోతుంది, పుచ్చుకునేటప్పుడు అందరికన్నా పైకి ఎగురుతుంది. రెండు చివర్లలోనూ ఒకే బ్లాకు నంబరు కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఈ తేడా హద్దు దాటినప్పుడు కారు ఎర్ర త్రికోణం వెలిగించి, పీ0ఏ80 అనే కోడ్ రాసి పెట్టుకుంటుంది. బ్యాటరీ ప్యాక్ మార్చమని దానర్థం. అమ్మేవాడు ఆ కోడ్‌ను బేరానికి ముందు చెరిపేయగలడు, రెండు నిమిషాల పని. అయితే కోడ్ చెరిపితే దాంతోపాటు కారు తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా చెరిగిపోతుంది. రెడీనెస్ మానిటర్లు అంటారు వాటిని. అదే యాప్‌లో అవి ఇంకా పూర్తికాలేదని కనిపిస్తే, ఈమధ్యే ఎవరో కోడ్‌లు తుడిచారు, లేదా చిన్న బ్యాటరీ తీగలు ఊడదీశారు. ఎందుకు తీశారో అడిగి, జవాబు నచ్చకపోతే వారం నడిపాక మళ్లీ వస్తానని చెప్పండి.

చిన్న బ్యాటరీ అన్నాను గనక దాని సంగతీ చెప్పాలి. ప్రతి హైబ్రిడ్‌లోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. ప్రియస్‌లో అది డిక్కీలో ఓ మూలన దాక్కుంటుంది. కంప్యూటర్లన్నీ మేల్కొనేది దాని మీదే. అది నీరసిస్తే తెర మీద పండగ దీపాల్లా అన్ని హెచ్చరికలూ వెలుగుతాయి. భయపడి పెద్ద బ్యాటరీ మార్పించుకున్న అమాయకులున్నారు. ఇండియాకు రెండు నెలలు సెలవు మీద వచ్చి వెళ్లే ఎన్నారైలకు, తిరిగెళ్లాక కారు తలుపు కూడా తెరుచుకోకపోవడం వెనక తరచూ ఉండేది ఇదే. ముందు దాని వోల్టేజీ కొలవాలి, తర్వాతే మిగతా అనుమానాలు.

వేడి, దుమ్ము, అతుకు

నికెల్ బ్యాటరీకి మొదటి శత్రువు వేడి. పెట్టెను చల్లబరిచే ఫ్యాను కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. ప్రియస్‌లో ఆ రంధ్రం వెనక సీటు పక్కన ఉంటుంది. అక్కడ సంచులు కుక్కినా, దిండ్లు పడేసినా, పెంపుడు కుక్క వెంట్రుకలు చేరినా ఫ్యాను ఊపిరి ఆడదు. తర్వాతి కాలపు మోడళ్లలో ఆ దారికి ఫిల్టరు పెట్టారు. దాన్ని శుభ్రం చేయాలన్న సంగతి చాలామంది ఓనర్లకు తెలియదు. కారు చూడటానికి వెళ్లినప్పుడు నేనైతే బానెట్ ఎత్తేకన్నా ముందు ఈ రంధ్రంలో టార్చి వేసి చూడమంటాను. అక్కడ దుమ్ము మందంగా పేరుకుని ఉంటే ఆ బండిని ఎలా చూసుకున్నారో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. తోలుతున్నంతసేపూ వెనక ఫ్యాను హోరు వినిపించినా చెడు సూచనే. మే నెలలో హైదరాబాదు ఎండలో నిలబెట్టిన కారును ఏసీ వేయకుండా తోలితే పెట్రోలు కలిసొస్తుందనుకునేవాళ్లు, ఆ వేడి గాలినే బ్యాటరీ కూడా పీలుస్తోందన్న విషయం మరిచిపోతారు.

ఇక బ్యాటరీ మార్చామని చెప్పే బండ్లు. ఇక్కడే జాగ్రత్త పడాలి. మార్చడమంటే మూడు రకాలు. కంపెనీ కొత్త ప్యాక్ వేయడం ఒకటి. బయటి తయారీదారుల కొత్త సెల్స్‌తో కట్టిన ప్యాక్ రెండోది. మూడోది, పాత పెట్టె విప్పి, చెడిన ఒకటి రెండు మాడ్యూళ్ల స్థానంలో ఇంకెక్కడి నుంచో తీసిన పాతవి పెట్టి మూయడం. ఈ మూడోదానికి ఖర్చు తక్కువ, ఆయుష్షూ తక్కువ. పక్కనున్న మాడ్యూళ్లదీ అదే వయసు కాబట్టి కొన్ని నెలలకు వాటిలో ఇంకోటి కూలుతుంది. అమ్మేయదలచుకున్న కారుకు అతుకు వేయడం వాళ్లకు లాభం. ఆ నష్టాన్ని కొన్నవాడు మోస్తాడు. కాగితం అడగాలి, అందులో ప్యాక్ సీరియల్ నంబరు, వారంటీ రాసి ఉండాలి. యూట్యూబు చూసి ఈ పెట్టెను ఇంట్లో విప్పుదామనే ఉత్సాహవంతులకు ఒక మాట: నారింజ రంగు తీగ కనిపించిందంటే అందులో 200 వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. కామ్రీలో అది ఇంకా ఎక్కువ.

టయోటా తరహా హైబ్రిడ్‌లో ఇంజనుకు విడిగా స్టార్టరు మోటారు ఉండదు. పెద్ద బ్యాటరీ నడిపే మోటారే ఇంజనునూ తిప్పాలి. కాబట్టి పెద్ద బ్యాటరీ పూర్తిగా చచ్చిన ప్రియస్ ట్యాంకు నిండా పెట్రోలున్నా కదలదు. నలుగురు కలిసి తోసినా స్టార్ట్ కాదు.

మైలేజీ అనే మరో లోకం

బ్యాటరీ ముసలిదైతే మైలేజీ దారుణంగా పడిపోతుందని, మైలేజీ వస్తోందంటే బ్యాటరీ భేషుగ్గా ఉందని చాలామంది నమ్మకం. 2011లో అమెరికాకు చెందిన కన్జ్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2 లక్షల మైళ్లు దాటిన, సొంత బ్యాటరీతోనే నడుస్తున్న 2002 ప్రియస్‌ను తీసుకొచ్చి పరీక్షించింది. పదేళ్ల కిందట అదే మోడల్ కొత్త కారును పరీక్షించినప్పుడు గ్యాలన్‌కు 40.6 మైళ్లు వచ్చింది. ఈ పాత కారుకు 40.4. లీటరు లెక్కలో రెండూ 17 కిలోమీటర్ల పైనే. ఆ తేడాను తేడా అనడానికే మనసొప్పదు. టయోటా పద్ధతిలో బ్యాటరీ కొంత నీరసించినా ఇంజను సర్దుకుంటుంది. మైలేజీ కాస్త తగ్గుతుందే తప్ప, చివరి ఘడియ దాకా పెద్దగా పడదు. అందుకే ప్రియస్‌లో మైలేజీని బట్టి బ్యాటరీని అంచనా వేసేవాళ్లు మోసపోతారు.

హోండా కథ వేరు. 2006 నుంచి వచ్చిన సివిక్ హైబ్రిడ్‌లో ఇంజనే ప్రధానం, మోటారు దానికి సాయం. వాటి బ్యాటరీలు తొందరగా అరుగుతున్నాయని గోల మొదలయ్యాక 2010లో కంపెనీ 2006–08 కార్లకు సాఫ్ట్‌వేరు మార్చింది. బ్యాటరీ మీద భారం తగ్గింది, దాంతో మైలేజీ పడిపోయిందని ఓనర్లు మొత్తుకున్నారు. లాస్ ఏంజిల్స్ ప్రాంతపు ఓనరు ఒకామె, గ్యాలన్‌కు 50 మైళ్లన్నారు 30 కూడా రావడం లేదంటూ, లాయర్లతో పనిలేని చిన్న దావాల కోర్టుకెక్కింది. 2012 ఫిబ్రవరిలో 9,867 డాలర్లు ఇవ్వమని తీర్పు వచ్చింది. మేలో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. డబ్బు సంగతెలా ఉన్నా, బ్యాటరీని కాపాడుకోవడానికి కారు మైలేజీని బలిపెట్టగలదని ఆ వివాదం లోకానికి చూపించింది. కాబట్టి ఏ కంపెనీ, ఏ పద్ధతి అన్నది తెలుసుకోకుండా మైలేజీ అంకెకు అర్థం చెప్పలేం.

అసలు ఏ అంకెతో పోల్చాలి? ఇది తేలాల్సిన ప్రశ్న. రెండో తరం ప్రియస్ కొత్తలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ దానికి 55 మైళ్ల సగటు ఇచ్చింది. 2008 మోడళ్ల నుంచి పరీక్ష విధానం మార్చి, ఏసీనీ చలినీ హైవే వేగాలనూ లెక్కలోకి తీసుకున్నాక అదే కారు 46కు దిగింది. కారులో ఒక్క బోల్టు మారలేదు. పాత స్టిక్కరు పట్టుకుని నా కారు తొమ్మిది మైళ్లు నష్టపోయిందని బాధపడేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. మన కామ్రీ హైబ్రిడ్‌కు ఇక్కడ మైలేజీ పరీక్షలు చేసే సంస్థ ఏఆర్‌ఏఐ ఇచ్చిన లీటరుకు 19.16 కిలోమీటర్లు కూడా ప్రయోగశాలలో పుట్టిన అంకే. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో అది రాలేదని బ్యాటరీని తిట్టడం అన్యాయం.

తెర మీది సగటు మామూలుగా అసలుకన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. పైగా అది నొక్కితే సున్నా అయ్యే అంకె. అమ్మేవాడు చల్లటి సాయంత్రం పూట ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు తోలి చూపించొచ్చు. నిండా కొట్టించి, నడిపి, మళ్లీ నిండా కొట్టించి భాగహారం వేసుకోవడమే నమ్మదగ్గ పద్ధతి. అందులోనూ ఓ తిరకాసు. అమెరికాలో అమ్మిన రెండో తరం ప్రియస్ పెట్రోలు ట్యాంకు లోపల ఆవిరి బయటికి పోకుండా సాగే సంచి లాంటిది పెట్టారు. చలికి అది బిగుసుకుంటుంది, వేడికి సాగుతుంది. నిండింది అని పంపు ఆగే చోటు ప్రతిసారీ మారుతుంది. ఆ కారుకు ఒక్క ట్యాంకు లెక్క పనికిరాదు. ఐదారు ట్యాంకుల మొత్తం పెట్రోలును మొత్తం మైళ్లతో లెక్కించాలి. ఓనరు దగ్గర పెట్రోలు చీటీల కట్ట ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఇంతా చేసి మైలేజీ నిజంగానే తక్కువని తేలితే, బ్యాటరీ కన్నా ముందు అనుమానించాల్సినవి బోలెడున్నాయి. తక్కువ రాపిడి టైర్లు తీసేసి చవకవి వేశారేమో. గాలి తక్కువుందేమో. బ్రేకు ప్యాడు పట్టేసిందేమో. థర్మోస్టాట్ తెరుచుకుపోయి ఇంజను ఎప్పటికీ వేడెక్కకపోతే, హైబ్రిడ్ దాన్ని ఆపడానికే ఒప్పుకోదు. చలికాలం సంగతి అమెరికా ఇంధన శాఖే చెబుతుంది: మైనస్ 7 డిగ్రీల చలిలో ఊళ్లో తిరిగే మామూలు కారు మైలేజీ 15 శాతం పడితే, హైబ్రిడ్‌కు 30 నుంచి 34 శాతం దాకా పడొచ్చు. కారులో వెచ్చదనం కోసం ఇంజను తిరుగుతూనే ఉండాలి మరి. చికాగోలో జనవరిలో కారు చూసి పెదవి విరవకండి. మన దగ్గర ఆ పాత్ర ఇథనాల్‌ది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపిన పెట్రోలు మీద, దానికోసం తయారుకాని పాత కార్లకు 6–7 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. 2013 కామ్రీలో లీటరుకు ఒక కిలోమీటరు తగ్గితే ముందు పంపును తలుచుకోవాలి.

మూడో తరం ప్రియస్ కొనేవాళ్లకు అసలు గండం బ్యాటరీ కాదని నా అభిప్రాయం. వాటి ఇంజన్లలో పొగను కొంత తిరిగి ఇంజనులోకే పంపే ఈజీఆర్ దారులు మసితో పూడుకుపోవడం, కొన్నిటికి హెడ్ గ్యాస్కెట్ పోవడం మెకానిక్కులందరికీ తెలిసిన జబ్బు. రాత్రంతా చల్లబడ్డ ఇంజను ఉదయం మొదటిసారి లేచినప్పుడు గడగడ వణికితే, కూలెంటు మెల్లగా తగ్గుతుంటే అది ఆ జబ్బే. మరమ్మతు ఖర్చు కొత్త బ్యాటరీని మించిపోవచ్చు. కారు చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే వేడి చేసి పెట్టారన్నమాట.

చివరగా డబ్బు లెక్క. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే మనిషికి 46 మైళ్లిచ్చే ప్రియస్‌లో 261 గ్యాలన్లు పడితే, 28 మైళ్లిచ్చే మామూలు కారులో 429 పడతాయి. గ్యాలను మూడున్నర డాలర్లనుకుంటే ఏటా మిగిలేది 590 డాలర్ల లోపు. కంపెనీ బ్యాటరీ, కూలీతో కలిపి రెండు వేల డాలర్లు దాటుతుంది. అంటే బ్యాటరీ పోతే దాదాపు మూడున్నరేళ్ల పొదుపు ఒక్క దెబ్బకు హరించుకుపోతుంది. ఇక్కడ ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి లీటరుకు పదికీ పదిహేనుకూ తేడా 400 లీటర్లు, నలభై వేల రూపాయల పైమాటే. మన దగ్గర ఆ బ్యాటరీ ధర మోడల్‌ను బట్టి మారిపోతుంది. కొనబోయే కారు ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీసు సెంటరులో కొటేషను రాయించుకున్నాకే బేరానికి కూర్చోవాలి. 14 బ్లాకుల్లో తేడా అర వోల్టు దాటిన బండికి ఆ కొటేషనులో సగమైనా ధరలో తగ్గించమనడం న్యాయమే. అమెరికాలో డీలరు కొత్త ప్యాక్ వేసేటప్పుడు పాతదానికి కోర్ డిపాజిట్ వేస్తాడు, పాత పెట్టె అప్పగిస్తే వెనక్కి ఇస్తాడు. కొటేషనులో ఆ మొత్తం కలిపి రాశారో తీసేసి రాశారో అడిగి చూసుకోండి.